ఆరో తరగతికి ఎవరిని వేస్తున్నావు?



నీకు హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చిందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. ఛార్జి తీసుకున్న నాటి నుంచీ నిన్ను అందరూ అడిగేది పదో తరగతి ఉత్తీర్ణత శాతం. ఆ లెక్క చెప్పక తప్పదు, చెప్పు. అయితే దానికోసం గట్టి టీచర్లందర్నీ పదికి వేసి, ఆరో తరగతిని ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లకి అప్పజెప్పకు. పదిలో తప్పేవాళ్లలో చాలామంది ఆరులోనే వెనకబడి ఉంటారు.

ఆరో తరగతి లెక్కల పేపర్ల కట్ట ఒకటి నువ్వే విప్పి చూడు. 305లోంచి 178 తీసెయ్యమంటే కొందరు 273 అని రాస్తారు. పైన ఉన్నా కింద ఉన్నా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యడమే వాళ్లకి తెలిసిన తీసివేత. ఇంకొందరు 137 రాస్తారు. వాళ్లకి అప్పు తెచ్చుకోవడం వచ్చు. మధ్యలో సున్నా ఉండేసరికి, వందల నుంచి తెచ్చిన పదిలో ఒకటి ఒకట్ల స్థానానికి ఇచ్చేశామన్న సంగతి మర్చిపోతారు. ఎర్ర ఇంకు ఇద్దరికీ సున్నాయే వేస్తుంది. మొదటివాడికి పుల్లల కట్టలు ముందు పెట్టి స్థాన విలువ నుంచి మళ్లీ చెప్పాలి. రెండోవాడిని బోర్డు దగ్గరికి పిలిచి కాసేపు చేయిస్తే చాలు. మార్కుల రిజిస్టరులో ఈ తేడా ఎక్కడా కనపడదు. అందుకే పేపర్లు దిద్దాక స్టాఫ్ మీటింగులో ఎన్ని మార్కులొచ్చాయని కాక, ఏ తప్పు ఎంతమంది చేశారని అడుగు.

ఎఫ్.ఏ.ల (ఫార్మేటివ్ అసెస్‌మెంట్ల) సంగతి నీకు తెలిసిందే. ప్రాజెక్టు రికార్డు పిల్లలు గైడు చూసి రాస్తారు, కొందరు టీచర్లు అట్ట చూసి మార్కులు వేస్తారు. నిజాయితీగా తక్కువ వేసినవాళ్లని మాత్రం సంజాయిషీ అడగకు. ఒక్కసారి అడిగావా, మరుసటి పరీక్ష నుంచి క్లాసంతా ఏ గ్రేడే!

డిటెన్షన్ మీద వాదన స్టాఫ్ రూములో ఎప్పుడూ ఉంటుంది. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఆపొద్దంది. అదే చట్టం, ప్రతి పిల్లవాడికీ ఎంత వచ్చో చూసి అవసరమైనంత అదనంగా చెప్పడం టీచరు విధి అని కూడా అంది. మనవాళ్లు మొదటిది పట్టుకుని రెండోది వదిలేశారు. 2019 సవరణతో అయిదు, ఎనిమిది తరగతుల్లో ఆపే వీలు ప్రభుత్వాలకి వచ్చింది. 2024 డిసెంబరులో కేంద్రం తెచ్చిన నిబంధనల్లోనూ తప్పినవాళ్లకి ముందు అదనపు బోధన, రెండు నెలల్లోపు మళ్లీ పరీక్ష, అప్పటికీ రాకపోతేనే ఆపడం. తీసివేత రానివాణ్ణి అదే బెంచీ మీద ఇంకో ఏడాది కూర్చోబెట్టినంత మాత్రాన తీసివేత వస్తుందని నేను నమ్మను. పంపినా ఆపినా మధ్యలో ఎవరో కూర్చుని చెప్పాలి కదా.

చెప్పడానికి టైమెక్కడుందని టీచర్లు అడుగుతారు. వాళ్లు అడిగేది న్యాయమే. అదే చట్టంలో 27వ సెక్షన్ జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప చదువుకి సంబంధం లేని పనులకి టీచర్లని వాడొద్దంటుంది. ఆ పేజీ జిరాక్స్ తీసి నీ టేబుల్ అద్దం కింద పెట్టుకో. పై నుంచి వచ్చే ప్రతి ఫార్మాట్‌నీ నువ్వు ఆపలేవు గానీ, ఫొటోలు అప్‌లోడ్ చేసే పని బడి వేళల్లో క్లాసులో ఉన్న టీచరు మీద పడకుండా చూడగలవు.

బడి తెరిచిన మొదటి వారంలోనే ఆరో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి తెలుగు వాచకంలో ఒక పేరా చదివించు. ఎవరు ఎక్కడ ఆగుతున్నారో నీ చేత్తోనే రాసి పెట్టుకో. టైమ్‌టేబుల్ వేశాక నాకు వాట్సాప్‌లో పంపు. ఆరో తరగతి లెక్కలకి ఎవరి పేరు రాశావో చూడాలి. నువ్వే తీసుకుంటే మరీ సంతోషం.

మీ మావయ్య