మోల్ అను లెక్క

అంగడివాడు బియ్యమును గింజ గింజగా లెక్కించి యమ్మడు, తూచి యిచ్చును. మామిడిపండ్లనైనచో పుంజీలుగాను, కాగితములనైనచో దస్తాలుగాను లెక్కింతుము. పుంజీ యన 4, డజనన 12, దస్తా యన 24. రసాయన శాస్త్రజ్ఞుని మోల్ కూడ నిట్టి దస్తాయే. కాని యందలి సంఖ్య 60,22,14,076 తరువాత 15 సున్నలు చేర్చిన నేర్పడునది!

ఇంత సంఖ్య యేల? అణువు లంత చిన్నవి. ఒక మోల్ నీరు సుమారు 18 గ్రాములు మాత్రమే. గ్రామునకు 20 చుక్కలనుకొనిన, ఒక్క చుక్కలోని యణువులను భూమిపైనున్న 800 కోట్ల జనులును సెకండు కొక్కొక్కటి చొప్పున రాత్రింబవళ్లు లెక్కించినను 6,000 ఏండ్లకు పైగా పట్టును. కావున లెక్కించుట కల్ల, తూచుటయే గతి.

తూచిన సంఖ్య యెట్లు తెలియును? ఒక రేగుపండు గురిగింజకు 16 రెట్లు తూగుననుకొందము. అప్పుడు 1 తులము గురిగింజలలో నెన్ని గలవో, 16 తులముల రేగుపండ్లలోను అన్నియే యుండును. ఉదజని పరమాణువునకును ఆమ్లజని పరమాణువునకును గల సంబంధ మించుమించుగా నిట్టిదే. సమాన భారములలో సమాన సంఖ్య యుండునని భావించు విద్యార్థులు పరీక్షలలో నష్టపోవుట యిచ్చటనే.

ఈ చిక్కు పెద్దలను సైతము బాధించినది. 1 పాలు ఉదజనితో 8 పాళ్లు ఆమ్లజని కలిసి నీరగును. నీటియందు రెండును ఒక్కొక్క పరమాణువే యని డాల్టను తలచుటచే, ఆమ్లజని పరమాణుభారము ఇంచుమించు సగమునకు దిగిపోయినది. సమానమైన వేడిమి, ఒత్తిడులయందు వాయువుల సమాన ఘనపరిమాణములలో అణువుల సంఖ్య సమానమని ఇటలీ దేశీయుడగు అవొగాడ్రో 1811లో ప్రకటించెను. రెండు ఘనపరిమాణముల ఉదజని ఒక ఘనపరిమాణపు ఆమ్లజనితో కలియుచున్నది గనుక నీటిలో ఉదజని పరమాణువులు రెండని దీనివలన తేలెను. కాని యా మాటను పట్టించుకొన్నవా రరుదు. ఆయన 1856లో మరణించెను. 1860లో కార్ల్‌స్రూ సభయందు కన్నిజారో దానిని మరల నెత్తి చూపిన పిదపనే శాస్త్రజ్ఞులకు కన్నులు తెఱవబడెను.

ఆ సంఖ్య యెంతయో అవొగాడ్రో యెఱుగడు. 1909లో పెర్రిన్ అను ఫ్రెంచి పండితుడు దానికి ఆయన పేరు పెట్టెను. 2019 వఱకు 12 గ్రాముల కర్బనము-12లోని పరమాణువులే మోల్‌నకు ప్రమాణము. ఆ యేటి మే 20 నుండి పైసంఖ్యయే ప్రమాణముగా స్థిరపడినది.

ఉప్పు 58.5 గ్రాములు తూచి యరచేత బోసికొని చూడుడు. అందు సోడియము, క్లోరినుల జంటలు ఒక మోల్ కలవు.