ప్రమేయమును అన్ని పుటలకును అందించుట

గణితమున ప్రమేయ మననేమో విద్యార్థు లెరుగుదురు. కంప్యూటరు భాషలయందు ఇట్టిదానినే ఫంక్షన్ అందురు. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ వెలువరించిన పీ.హెచ్.పీ. భాష సర్వరునందు పనిచేయుచు వెబ్ పుటలను సిద్ధపరచి పంపును. అందు ఒకచోట వ్రాసిన ఫంక్షన్‌ను పుటలన్నిటికిని ఎట్లందింపవలెనో ఇచట వివరింతుము.

ఒక పాఠశాల ప్రవేశపత్రమును ఉదాహరణముగా గైకొందము. పేరు 30 అక్షరములకు మించరాదని నిబంధన యనుకొనుడు. ఇంగ్లీషు లిపిని మాత్రమే తలచినవారు దానిని స్ట్ర్‌లెన్ అను ఫంక్షన్‌తో కొలుతురు. అది లెక్కించునది అక్షరములను గాదు, బైట్లను. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేత మొక్కొక్కటి 3 బైట్లు. గుణింతపు గుర్తులును, పొల్లును గూడ వేరు సంకేతములే. కావున ‘వెంకటేశ్వర్లు’ అను పేరులోని 13 సంకేతములు 39 బైట్లగును. తన పేరును తన లిపిలో వ్రాసికొన్న బాలుని పత్రము త్రోసివేయబడును! ఎంబీ-స్ట్ర్‌లెన్ అను ఫంక్షన్ వాడినచో 13 అనియే వచ్చును.

ఈ సవరణను ప్రవేశపత్రమునందును, పరీక్షల పుటయందును, గ్రంథాలయపు పట్టికయందును వేర్వేరుగా వ్రాసినచో ఏదో యొకటి మరపునబడును. అందువలన ‘పేరుపొడవు’ అను ఫంక్షన్‌ను ఒకే ఫైలులో వ్రాసి, ప్రతి పుట మొదటను రిక్వైర్-వన్స్ అను ఆజ్ఞతో ఆ ఫైలును చేర్చవలెను. ఫంక్షన్‌కు తెలుగు లిపిలోనే పేరుపెట్టుటకు ఈ భాష యంగీకరించును. మాకిది ముచ్చట గొల్పిన సంగతి.

ఆజ్ఞను ప్రతి పుటలోను ఏల వ్రాయవలెనని యడుగుదురేమో. ఒక పుటను సిద్ధపరచి పంపిన పిమ్మట, ఆ పుటకై నిర్వచించిన ఫంక్షన్లను పీ.హెచ్.పీ. నిలుపుకొనదు; మరల అడిగినప్పుడు అంతయు మొదటినుండియే. ఆ యొక్క పుట సిద్ధమగునంతవరకు మాత్రము ఫంక్షన్‌ను వేరొక ఫంక్షన్ లోపలినుండి సైతము పిలువవచ్చును. వెలుపలి చలరాశికి అట్లు లోనికి ప్రవేశము లేదు.

ఇంక్లూడ్ అను ఆజ్ఞయు కలదు. ఫైలు దొరకనిచో అది హెచ్చరించి ముందునకు సాగును. రిక్వైర్ అచటనే ఆగిపోవును. పేర్లను సరిచూచు పనికి ఆగుటయే మేలు. ‘వన్స్’ అను మాట లేక ఫైలును రెండుమారులు చేర్చినచో, ఫంక్షన్ మరల నిర్వచింపబడినదని దోషము చూపి పుట నిలిచిపోవును.

సర్వరు అమరికలలో ఆటో-ప్రిపెండ్-ఫైల్ అనుచోట ఫైలు పేరు వ్రాసినచో, అది అడుగకయే ప్రతి పుటకును ముందు చేరును. సులభమే, కాని పుటను చదువువారికి ఆ ఫంక్షన్ ఎచటినుండి వచ్చినదో తెలియదు. వేరొక సర్వరునకు మార్చినప్పుడు ఆ యమరికను మరచినచో పుటలన్నియు నొక్కమారే చెడును. కావున విద్యార్థులకు రిక్వైర్-వన్స్‌నే మేము సూచింతుము.