బాలింతకు చేతి సాయము: మేలు చేయునది, కీడు చేయునది

పంచాయతీ సమావేశములలో మంచినీటిని గురించి, వీధి దీపములను గురించి, బడి కప్పును గురించి చర్చ జరుగును. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రము జారి సిగ్గుతో కుమిలిపోవు స్త్రీని గురించి గాని, బిందె నెత్తి కెత్తుకొనగానే పొత్తికడుపులో ఏదియో క్రిందికి దిగినట్లు బాధపడు తల్లిని గురించి గాని చర్చ జరుగదు. ఆమె చెప్పుకొనదు, మనము అడుగము. ఇట్లు దాచిన బాధ ఏండ్ల తరబడి ముదిరి, కొందరి విషయమున చివరకు గర్భసంచిని తీయించుకొనుటతో ముగియుచున్నది.

2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూడుడు. 15 మొదలు 49 ఏండ్ల వయసు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 మందిగా తేలిరి. శస్త్రచికిత్స తప్పనిసరియైనవారును వీరిలో గలరు. కాని నడుము నొప్పికి, తెల్లబట్టకు, కండరముల వదులుకు మొదటి మందు కత్తి కాదని ప్రతి గ్రామమును ఎరుగవలసియున్నది.

అడుగున నున్న అల్లిక

నడుము ఎముకల నడుమ గిన్నె వంటి చోటు గలదు. మూత్రాశయము, గర్భసంచి, పెద్దప్రేగు చివరి భాగము అందులో ఇమిడియుండును. ఈ గిన్నెకు అడుగున ఎముక లేదు. ముందు ఎముక నుండి వెనుక తోక ఎముక వరకు పరచుకొన్న కండరములే నులకమంచపు అల్లిక వలె పై బరువును మోయుచుండును. గర్భభారము, కాన్పు, పచ్చి బాలింతగా నుండగనే బరువులెత్తుట, తీరని మలబద్ధకము - వీనివలన ఆ అల్లిక వదులగును. నులక వదులైనంత మాత్రమున మంచమును పారవేయము, బిగించుకొందుము. ఇక్కడను మొదట చేయదగిన పని అదియే.

ఇంటి మర్దన

బాలింతకు నూనె రాచి, వేన్నీళ్ళు పోసి, నడుముకు గుడ్డ బిగించి కట్టుట మన పల్లెలలో తరతరముల ఆచారము. వీపునకు, భుజములకు, పాదములకు మెత్తగా మర్దన చేసినచో అలసట తీరును, నిద్ర పట్టును. తన్ను చూచుకొనువారు గలరను ధైర్యము కలుగును. ఈ మేలును కాదనవలసిన పని లేదు. అయితే కొన్ని సందర్భములలో చేయి ఆపవలెను.

మొదటిది: నొప్పులు పడుచున్నప్పుడు బిడ్డ త్వరగా బయటపడవలెనని కడుపుపై అదుమరాదు. గర్భసంచి చిట్లి తల్లి ప్రాణమునకే ముప్పు రావచ్చును. రెండవది: శస్త్రచికిత్సతో కాన్పైన స్త్రీకి గాయము పూర్తిగా మానువరకు పొట్టపై మర్దన తగదు. మూడవది: ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పుట్టుచున్నచో దానిని రుద్దరాదు. లోపల రక్తము గడ్డకట్టి యుండవచ్చును. రుద్దినచో ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరవచ్చును. నాల్గవది: జారిన గర్భసంచిని పైకి త్రోయుదుమని లోపల గుడ్డలు గాని, ఆకుమందులు గాని పెట్టరాదు.

కాన్పైన పిమ్మట మాయ పడిన తరువాత రక్తము మిక్కిలిగా పోవుచుండి, గర్భసంచి మెత్తగా తగిలినచో, శిక్షణ పొందిన నర్సు పొట్టపై చేయి వైచి గుండ్రముగా మర్దించును. గర్భసంచి గట్టిపడి రక్తము ఆగుటకు అది తోడ్పడును. చేయి ఒకటియే, తెలిసి పెట్టిన చోట ప్రాణము పోయును, తెలియక పెట్టిన చోట తీయును.

ఖర్చు లేని సాధన

అడుగు కండరములను బిగించు సాధనను 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కేగెల్ లోకమునకు వివరించెను. మూత్రమును ఆపుకొనునట్లు ఆ కండరములను లోనికి బిగించి, ఐదు లెక్కించువరకు నిలిపి, అంతసేపు వదలవలెను. ఊపిరి బిగబట్టరాదు, పొట్టను, తొడలను బిగించరాదు. ఒక విడతకు పది సార్లు, రోజుకు మూడు విడతలు, కనీసము మూడు నెలలు చేయవలెను. మూత్రము పోయుచున్నప్పుడు దీనిని అభ్యసించరాదు.

కొందరిలో ఈ కండరములు వదులు గాక, మితిమీరి బిగిసియుండి నొప్పి కలిగించును. అట్టివారికి బిగింపు సాధన పనికిరాదు, వదలుట నేర్పవలెను. ఇందులో శిక్షణ గల ఫిజియోథెరపిస్టు చేతితో పరీక్షించి, బిగిసిన కండరమును మెల్లగా సడలించును. ఏమి చేయబోవుచున్నదో ముందుగా చెప్పి, స్త్రీ సమ్మతి పొందిన పిమ్మటనే తాకవలెను. ఆమె వలదన్న క్షణముననే ఆపవలెను. కోరినచో తోడుగా మరియొక స్త్రీ ఉండవచ్చును. ఈ నియమములు పాటింపనివారి చేతికి ఎవరును లోబడనక్కరలేదు.

గర్భసంచి జారినవారికి లోపల అమర్చు ఉంగరము వంటి మెత్తని సాధనము గలదు. డాక్టరు అమర్చినచో శస్త్రచికిత్స లేకయే పలువురకు ఉపశమనము కలుగును. ముట్లుడిగిన తరువాత రక్తము కనిపించినచో మాత్రము సాధనలతో కాలము గడపక వెంటనే పరీక్ష చేయించుకొనవలెను.

పంచాయతీ కర్తవ్యము

అనవసరముగా గర్భసంచి తొలగించుటను అరికట్టుటకై కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకములు వెలువరించినది. వానిని అమలు పరచవలసినదిగా 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది. ఆదేశము పల్లె గడప వరకు వచ్చుట మీ చేతిలో నున్నది.

గ్రామ ఆరోగ్య దినమున స్త్రీలు ఏ.ఎన్.ఎం.తో ఏకాంతముగా మాటలాడుటకు తలుపు గల ఒక గదిని కేటాయింపుడు. సభ్యురాండ్రు స్వయముగా వచ్చి కూర్చున్నచో తక్కిన స్త్రీలకు జంకు తీరును. గర్భసంచి తీయించుమని ఎవరైన చెప్పినచో, ఒప్పుకొనుటకు ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో మరియొక డాక్టరు అభిప్రాయము తీసికొనవలెనని ప్రచారము చేయింపుడు. బాలింతకు నీళ్ళ బిందెలు, గడ్డిమోపులు ఎత్తు పని తప్పించుట ఇంటి మగవారి బాధ్యతయని గ్రామసభలో నిస్సంకోచముగా చెప్పుడు. నీటి కుళాయి ఇంటి దగ్గరకు వచ్చుటయు స్త్రీ ఆరోగ్యమునకు చికిత్సయే.

ఈ పనులకు పెద్ద నిధులు అక్కరలేదు. ఒక గది, ఒక తలుపు, అడిగి తెలిసికొను మనసు చాలును. వచ్చు సమావేశపు చర్చాంశములలో దీనికి ఒక వరుస కేటాయింపుడు.