బీమా ఫారం మీద మన సంతకం

కారు బీమాను కొత్త కంపెనీకి మార్చుకునేటప్పుడు ఏజెంటు ఒక ఫారం మన ముందు పెడతాడు. గత ఏడాది ఏదైనా క్లెయిమ్ తీసుకున్నారా అన్న ప్రశ్న అందులో ఉంటుంది. "లేదని రాద్దాం, ప్రీమియం తగ్గుతుంది" అంటాడతను. మనం తల ఊపి సంతకం చేసేస్తాం. ఇది నిజంగా చిన్న విషయమేనా?

బీమాపై ధర్మపండితుల్లో చర్చ ఉంది. నిర్ణీత ప్రీమియంతో నడిచే వ్యాపార బీమా ధర్మసమ్మతం కాదని, పరస్పర సహకార బీమా సమ్మతమేనని జిద్దాలోని ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1985లో తీర్మానించింది. మన దేశంలోనేమో 1988 నాటి మోటారు వాహనాల చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. చట్టం నిర్బంధించిన మేరకు తీసుకోవచ్చని ఎందరో పండితులు అంటారు. అంతకు మించి తీసుకోదలచినవారు ఆలిమ్‌ను సంప్రదించాలి. అయితే ఒప్పందం ఎలాంటిదైనా అందులో అబద్ధమాడే అనుమతి మనకు లేదు. "వడ్డీ కంపెనీయే కదా" అన్న సాకు అల్లాహ్ సన్నిధిలో చెల్లదు.

తడిసిన ధాన్యం

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టారు. వేళ్ళకు తడి తగిలింది. వర్షానికి తడిసిందన్నాడు వర్తకుడు. మరి జనానికి కనబడేలా దాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) మందలించారు. మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు (ముస్లిం).

వర్షం కురవడం ఆ వర్తకుని తప్పు కాదు. తడిని దాచడమే తప్పు. అలాగే ప్రమాదం జరగడం, పరిహారం పొందడం పాపం కాదు. అడిగినప్పుడు దాచడమే పాపం.

లెక్క ఏమిటి?

ఒక ఏడాది క్లెయిమ్ లేకపోతే సొంత వాహన నష్టానికి కట్టే ప్రీమియంలో 20 శాతం, వరుసగా ఐదేళ్ళు లేకపోతే 50 శాతం 'నో క్లెయిమ్ బోనస్' ఇస్తారు. ఆ ప్రీమియం 10,000 రూపాయలైతే, క్లెయిమ్ దాచి 50 శాతం తగ్గింపు పొందినవాడు 5,000 రూపాయలు అధర్మంగా మిగుల్చుకున్నట్లే. రేపు కారు దెబ్బతింటే కంపెనీ పాత రికార్డు చూసి పరిహారం నిరాకరించవచ్చు. అప్పుడు నష్టపోయేది ఇంటిల్లిపాదీ.

అడగనివన్నీ రాయాలని కాదు. దారిన పోతుండగా వేరొకరి వాహనం ఢీకొని, ట్రిబ్యునల్ ద్వారా పరిహారం పొందారనుకోండి. అది మన పాలసీపై తీసుకున్న క్లెయిమ్ కాదు. కానీ వాహనం నడిపేవారికి శారీరక లోపం ఉందా అని ఫారంలో అడిగితే, ఆ గాయం వల్ల మిగిలిన లోపాన్ని తప్పక రాయాలి. ప్రశ్న అర్థం కాకపోతే కంపెనీనే అడగాలి. ఏజెంటు నింపినా సంతకం మనదే, జవాబుదారీ మనమే.

ఇప్పటికే తప్పు రాసి ఉంటే?

పశ్చాత్తాపం నోటి మాటతో పూర్తి కాదు. ఇది తోటివారి హక్కుకు సంబంధించినది. కంపెనీకి లిఖితపూర్వకంగా నిజం తెలిపి, తేడా సొమ్ము కట్టాలి. అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి, లోపాలు వెల్లడిస్తే వారి వ్యవహారంలో శుభం ఉంటుందనీ, దాచితే అది తుడిచిపెట్టుకుపోతుందనీ దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం).

మన కలాన్నీ, మన సంతకాన్నీ అబద్ధం నుండి కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.