నగరంలో నెలవు

(వ్యాసం)

ఉద్దేశం: చదువు కోసమో, కొలువు కోసమో నగరానికి వెళ్ళే విద్యార్థి తన జీవనశైలికి, ఆదాయానికి తగిన పేటను వివేకంతో ఎంచుకోవడానికి అవసరమైన ఆలోచనను కలిగించడం.

నేపథ్యం: జంగారెడ్డిగూడెం మెట్ట ప్రాంతపు పట్టణం. 2022 ఏప్రిల్ వరకు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి, ఆనాటి జిల్లాల పునర్విభజనతో ఏలూరు జిల్లాలో చేరింది. ఇంటర్మీడియట్ ముగియగానే పైచదువులకు, శిక్షణకు, ఉద్యోగాలకు ఇక్కడి నుండి హైదరాబాదు బస్సు ఎక్కే యువతీయువకులు ఎందరో. అట్టివారిని దృష్టిలో ఉంచుకొని రాసిన వ్యాసమిది.

పాఠం

మనిషి పుట్టే ఊరిని ఎంచుకోలేడు. బ్రతికే ఊరిని కొంతవరకు ఎంచుకోగలడు. ఆ ఊరిలో ఏ పేటలో ఉండాలన్నది మాత్రం చాలావరకు అతని చేతిలోని పనే. అయినా ఈ పనికి మనం కేటాయించే ఆలోచన బహు స్వల్పం. తెలిసినవాడు ఒకడు అక్కడ ఉన్నాడనో, అద్దె తక్కువనో విని, పెట్టె పట్టుకొని వెళ్ళిపోతాం. తరువాత ఏడాది పొడుగునా ఆ తొందరపాటుకు మూల్యం చెల్లిస్తాం.

మన పూర్వులు ఈ విషయాన్ని తేలికగా తీసుకోలేదు. బద్దెన రచనగా ప్రసిద్ధమైన సుమతీ శతకంలో ఒక పద్యం నివాసయోగ్యమైన ఊరికి నాలుగు గుర్తులు చెప్పింది. అవసరానికి సొమ్ము సర్దేవాడు, రోగం కుదిర్చేవాడు, ఏడాదంతా నీరుండే నది, ద్విజుడు - ఇవి ఉన్నచోట నిలువుమని, లేనిచోట అడుగు పెట్టవద్దని దాని సారాంశం. కాలం మారింది. కాని ధనం, ఆరోగ్యం, జలం, సహవాసం అనే నాలుగు ప్రశ్నలు మాత్రం నేటికీ అవే.

మొదటిది ధనం. అద్దె ఒక్కటే ఖర్చు కాదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. దూరపు కాలనీలో గదికి నెలకు 5,000 రూపాయల అద్దె, 1,500 రూపాయల ప్రయాణ వ్యయం అనుకోండి. కళాశాలకు దగ్గరి పేటలో అద్దె 7,000, ప్రయాణానికి 500 అనుకోండి. మొదటిది 6,500, రెండవది 7,500. తేడా వెయ్యి రూపాయలు. దూరపు గది నుండి రాకపోకలకు రోజుకు మూడు గంటలు, దగ్గరి గది నుండి ఒక గంట పడితే, నెలలో ఇరవై అయిదు పనిదినాలకు యాభై గంటల తేడా వస్తుంది. అనగా దూరంలో ఉన్నవాడు గంటకు ఇరవై రూపాయల చొప్పున తన కాలాన్ని అమ్ముకుంటున్నాడు. ఆ వెయ్యి రూపాయలు ఇంటి వద్ద తండ్రి మందులకు కావలసి ఉంటే దూరపు గదే ధర్మం. తప్పు దూరంగా ఉండటంలో లేదు, లెక్క తెలియక ఉండటంలో ఉంది.

ఏ పేట మంచిది అని అడగటం అసంపూర్ణమైన ప్రశ్న. ఎవరికి, ఏ పనికి అన్న మాటలు చేరినప్పుడే అది పూర్తవుతుంది. పోటీపరీక్షలకు చదివేవారికి అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంతం అనుకూలం. శిక్షణ కేంద్రాలు ఒకవైపు, నగర కేంద్ర గ్రంథాలయం మరొకవైపు ఉన్నాయి. కంప్యూటరు కోర్సులకు వచ్చేవారు ఏళ్ళ తరబడి అమీర్‌పేట హాస్టళ్ళలో దిగుతున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివేవారికి విద్యానగర్, తార్నాక దగ్గర. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఉద్యోగాలు నగరానికి పడమరగా జరిగాయి. వాటి వెంట అద్దెలూ పెరిగాయి. 2017 నవంబరులో మెట్రోరైలు ప్రారంభమై, 2019 మార్చిలో హైటెక్ సిటీ వరకు వెళ్ళడంతో ఒకప్పటి దూరాలు కొన్ని దగ్గరలయ్యాయి. కాబట్టి దూరాన్ని కిలోమీటర్లలో కాక నిమిషాలలో కొలవాలి. సర్వోత్తమమైన పేట అంటూ లేదు. నీ పనికి తగిన పేట ఉంటుంది.

రెండవది ఆరోగ్యం, దానితోపాటు రక్షణ. అర్ధరాత్రి జ్వరం వస్తే నడిచి వెళ్ళగల దూరంలో వైద్యుడు ఉన్నాడా? బస్సు దిగిన చోటి నుండి ఇంటి వరకు వీధిదీపాలు వెలుగుతున్నాయా? రాత్రి తొమ్మిది గంటలకు ఆ దారిలో దుకాణాలు తెరచి ఉన్నాయా? ఆడపిల్లను పంపే తల్లికి ఇవి అద్దె కంటె ముఖ్యమైన ప్రశ్నలు. మగపిల్లవాడికి కూడ ఇవి అనవసరం కావు.

మూడవది జలం. దీనికి రెండు ముఖాలు. నీరు చాలకపోవడం ఒకటి, నిలువకూడని చోట నిలవడం రెండవది. హైదరాబాదు మంజీరా, కృష్ణా, గోదావరి జలాలను దూరం నుండి తెచ్చుకొని తాగుతున్నది. అయినా అన్ని వీధులకూ అవి ఒకేలా అందవు. కొళాయి ఎన్నాళ్ళకొకసారి వస్తుందో, బోరు ఎండాకాలంలో ఎండుతుందో లేదో, ట్యాంకరు ఖర్చు ఎవరు భరిస్తారో ముందుగానే అడగాలి.

రెండవ ముఖం మరింత భయంకరమైనది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరాన్ని ముంచివేసింది. వేలాదిమంది మరణించారు. అటుపిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల నిర్మాణం జరిగింది. కాని తరువాతి కాలంలో చెరువులు పూడి, వాటి గర్భాలలోనే ఇళ్ళు లేచాయి. 2000 ఆగస్టులోను, 2020 అక్టోబరులోను కురిసిన కుండపోతలకు నీరు తన పాత తావును వెదుక్కొంటూ ఆ ఇళ్ళలోకే వచ్చింది.

ఈ విషయంలో నా అనుభవం ఒకటి చెప్పుకోవాలి. పరిశోధన చేసే రోజులలో అద్దె తక్కువని ఒక పల్లపు వీధిలో గది తీసుకున్నాను. ఆ కాలనీ పేరు చివర ‘కుంట’ అని ఉంది. ప్రబంధాలలోని దీర్ఘసమాసాలను విడదీసి అర్థం చెప్పగలిగిన నేను, ఇంటి చిరునామాలోని రెండక్షరాల తెలుగు మాటకు అర్థం ఆలోచించలేదు. 2000 ఆగస్టు వానకు ఒక్క రాత్రిలో మోకాలిలోతు నీరు వచ్చింది. మంచం కింది పెట్టెలో ఉన్న మూడేళ్ళ నోట్సు ముద్దయిపోయింది. దానిని తిరిగి రాయడానికి పదునాలుగు నెలలు పట్టింది. నేను మిగిల్చిన అద్దె ఆ పదునాలుగు నెలల భోజనానికి కూడ చాలలేదు.

మా గోదావరి పెద్దలైతే ఈ పొరపాటు చేయరు. లంకలలోని పెద్దలు 1986 వరద గోడపై ఎంత ఎత్తు వచ్చిందో చెయ్యెత్తి చూపి, ఆపైనే అరుగు కట్టుకోమంటారు. కుంట, చెరువు, వాగు, పల్లం, మెట్ట, దిబ్బ - ఇవి ఉత్త పేర్లు కావు. నేల తన స్వభావాన్ని తానే చెప్పుకొన్న మాటలు. పేరును వినండి, ఆపై స్థానికులను అడగండి.

నాలుగవది సహవాసం. శతకకారుడు ద్విజుని పేర్కొన్నాడు. నాటి సమాజ వ్యవస్థ అట్టిది. నేడు మనకు కావలసినది పుట్టుకను బట్టి పొరుగు కాదు, నడతను బట్టి పొరుగు. అయినప్పటికి కులమేమిటని, మాంసం తింటారా అని అడిగి తలుపు వేసే ఇంటి యజమానులు నగరంలో ఇంకా ఉన్నారు. అట్టి అనుభవం ఎదురైనప్పుడు లోపం మీదని కుంగిపోవద్దు. అబద్ధమాడి లోనికి ప్రవేశించవద్దు. మిమ్మల్ని మీరుగా స్వీకరించే ఇల్లు కాస్త దూరమైనా అదే దగ్గరి ఇల్లు.

ఇల్లు నచ్చిన తరువాత కూడ తొందరపడరాదు. సాధారణంగా అద్దె ఒప్పందం పదకొండు నెలలకే రాస్తారు. ఏడాదికి మించిన కౌలుకు రిజిస్ట్రేషను తప్పనిసరి కావడం దీనికి కారణం. అడ్వాన్సు ఎంత, తిరిగి ఎప్పుడు ఇస్తారు, కరెంటు మీటరు విడిగా ఉందా, ఖాళీ చేయడానికి ఎన్నాళ్ళ ముందు చెప్పాలి - ఇవన్నీ కాగితంపై ఉండాలి. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు అడగటం అమర్యాద కాదు.

ఇంటిని మూడుసార్లు చూడండి. కొళాయి వచ్చే వేళ ఒకసారి, చీకటి పడిన తరువాత ఒకసారి, వీలైతే వాన వెలిసిన వెంటనే ఒకసారి. మూడుసార్లూ మనసు ఒకే మాట చెబితే అప్పుడు అడ్వాన్సు ఇవ్వండి. నగరంలో మీరుండే గది చిన్నదే కావచ్చు. కాని అందులో పెట్టే పుస్తకాలు మీ ఇంటివారి కష్టంతో కొన్నవి. అవి తడవని చోటు వెదకడం మీ మొదటి చదువు.

కఠిన పదాలకు అర్థాలు

నెలవు = నివాసస్థానం
కొలువు = ఉద్యోగం
మూల్యం = వెల
ద్విజుడు = రెండు జన్మలు కలవాడు, బ్రాహ్మణుడు
కుంట = చిన్న చెరువు
పల్లం = లోతట్టు నేల
లంక = నది నడుమ ఏర్పడిన నేల

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. సుమతీ శతక పద్యంలోని నాలుగు గుర్తులను రచయిత నేటి నగర జీవితానికి ఎట్లు అన్వయించాడు?
2. మీ ఊరిలోని వీధుల, పేటల పేర్లను సేకరించి, అవి నేల స్వభావాన్ని ఎట్లు తెలుపుతున్నాయో వివరించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. దూరాన్ని నిమిషాలలో కొలవాలని రచయిత ఎందుకు అన్నాడు?
2. రచయిత నోట్సు పాడైన సంఘటనను వివరించండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. మూసీనదికి మహావరద ఎప్పుడు వచ్చింది?
2. అద్దె ఒప్పందాన్ని సాధారణంగా ఎన్ని నెలలకు రాస్తారు?

ఈ) వ్యాకరణం
జలాశయం = జల + ఆశయం - సవర్ణదీర్ఘ సంధి
సర్వోత్తమం = సర్వ + ఉత్తమం - గుణసంధి
జీవనశైలి = జీవనము యొక్క శైలి - షష్ఠీ తత్పురుష సమాసం
యువతీయువకులు = యువతులును, యువకులును - ద్వంద్వ సమాసం