ఆ కేసెట్లు పారేయకు చెల్లీ

అటక సర్దుతుంటే పాత కేసెట్ల డబ్బా బయటపడింది, అంతేగా? ద క్యూర్, సిస్టర్స్ ఆఫ్ మెర్సీ, నైన్ ఇంచ్ నెయిల్స్ అని నల్ల స్కెచ్ పెన్నుతో నీ చేతిరాత. పనంతా వదిలేసి అక్కడే కూలబడి, "ఈ వయసులో వీటికోసం కళ్ళనీళ్ళేంటక్కా" అంటున్నావు. ఏం, వయసొస్తే మనసు మారిపోవాలా? ఇలా కూర్చో, టీ పెడతాను.

అప్పట్లో మనకవి ఎంత కష్టంమీద దొరికేవి! అర్ధరాత్రి ఎంటీవీలో ఎప్పుడో ఒక పాట వచ్చేది. ఓడలో పనిచేసే ఎవరి అన్నయ్యో సెలవుకొచ్చినప్పుడు ఒక కేసెట్ తెచ్చేవాడు. దాన్ని బ్లాంక్ కేసెట్‌లోకి ఎక్కించుకోవాలి. నాన్న నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకునుంటారు కాబట్టి టూ-ఇన్-వన్‌కి చెవి ఆనించి వినాలి. మాటలు సగమే అర్థమయ్యేవి, అయినా మన గుబులు ఎవరో పైకి చెప్పేస్తున్నట్టుండేది. శుక్రవారం పూట నల్లచుడీదార్ వేస్తే, కాటుక కాస్త దిట్టంగా పెడితే అమ్మ కసిరేది. గాయని సూజీ సూ కళ్ళు చూసి నేర్చుకున్నామని పాపం అమ్మకేం తెలుసు!

"మన వైజాగ్‌కీ ఆ పాటలకీ పొంతనేంటి, అదంతా వేషమేనేమో" అని నీకింకో దిగులు. అది మాత్రం నేనొప్పుకోను. 1973లో కాబరే వోల్టేర్ బ్యాండ్ మొదలైంది ఎక్కడనుకున్నావు? షెఫీల్డ్‌లో. అదీ ఉక్కు ఊరే. 1980లో బెర్లిన్‌లో పుట్టిన ఐన్‌స్టూర్ట్సెండె నాయ్‌బౌటెన్ వాళ్ళకి ఇనపరేకులూ డ్రిల్లింగ్ మిషన్లే వాద్యాలు. 1984లో బ్రిటన్ బొగ్గు గని కార్మికులు సమ్మెకి దిగితే, ఇనుము మోగించే టెస్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు సౌత్ వేల్స్ సమ్మె కార్మికుల బృందగానంతో కలిసి ఒక ఆల్బమే చేశారు. మరి మనమో? 1966 విశాఖ ఉక్కు ఉద్యమంలో 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ఫ్యాక్టరీ జీతంతో పెరిగిన పిల్లలం. ఇనుము మోతలో బాధా ఉంటుందని మనకొకరు చెప్పాలా?

"ఇప్పుడు ఫోన్‌లో వింటే ఆ జలదరింపు రావట్లేదక్కా" అన్నావు చూడు, అది నిజం. అప్పుడు ఒక్క కేసెట్‌ని నెలలతరబడి నంజుకున్నాం, ఇప్పుడు ఒక్క పాటైనా చివరిదాకా వినం. అందుకే చెప్తున్నా, 1989 నాటి క్యూర్ ఆల్బమ్ డిసింటిగ్రేషన్ పెట్టు. 70 నిమిషాల పైనే ఉంటుంది. ఫోన్ పక్క గదిలో పడేసి, లైటార్పి, వరసగా విను. మధ్యలో కుక్కర్ కూత వేస్తే మీ ఆయన చూసుకుంటారులే.

ఇక కేసెట్ల సంగతి. మన సముద్రపు తేమకి రీలు అంచున తెల్లగా బూజు పట్టిందా? పట్టినవి వేరే పెట్టు, వాటిని తిన్నగా ప్లేయర్‌లో వేయకు, హెడ్డు పాడై, బూజు మంచివాటికీ అంటుతుంది. మిగతావి సిలికా జెల్ పొట్లాలతో మూతగట్టి డబ్బాలో నాలుగు రోజులుంచు. ఎండలో మాత్రం పెట్టకు. తరవాత పెన్సిల్ దూర్చి మెల్లగా తిప్పు. లోపలి చిన్న స్పాంజి ముక్క ఊడిందేమో చూడు, ఊడితే పాట మసకగా వినిపిస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే కంప్యూటర్‌లోకి ఎక్కించేద్దాం, కేబుల్ నా దగ్గరుంది.

ఆదివారం వస్తాను. మీ అమ్మాయిని కూడా కూర్చోబెట్టు, ఆ డబ్బా ఏంటని అదెలాగూ అడుగుతుంది. మిరపకాయ బజ్జీలకి శనగపిండి తెచ్చిపెట్టుకో.