ఉత్తర ధ్రువం చెంత ఒక కోల్డ్ స్టోరేజీ

గుంటూరు కోల్డ్ స్టోరేజీల సంగతి మన కళాశాలలో చదివే రైతు బిడ్డలకు కొత్తగా చెప్పనవసరం లేదు. ధర పడిపోయిన ఏడాది మిరపకాయ టిక్కీలు తెచ్చి ‘ఏసీ’లో వేస్తాం. చేతికి బాండు ఇస్తారు. గోదాము వారిదే అయినా సరుకు మనదే. బాండు లేకుండా ఆ టిక్కీని మరొకరు కదిలించరాదు. ఇంచుమించు ఇదే పద్ధతిలో నడిచే కోల్డ్ స్టోరేజీ ఒకటి ఉత్తర ధ్రువానికి దాదాపు 1,300 కిలోమీటర్ల దూరాన, ఒక కొండ లోపల ఉన్నది. అందులో మన పటాన్‌చెరు నుండి వెళ్ళిన జొన్నలు, కందులు, శనగలు ఉన్నాయి. బోటనీ క్లాసులో ఈ మాట విన్నప్పుడు మొదట నమ్మబుద్ధి కాలేదు. తరువాత దాన్ని గూర్చి చదవగా తెలిసిన సంగతులు మిత్రులతో పంచుకుందామని ఈ వ్యాసం.

ఆ దీవుల పేరు స్వాల్‌బార్డ్. నార్వే దేశానికి ఉత్తరంగా, మంచు సముద్రంలో ఉన్నాయి. 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో ఈ దీవుల విషయమై ఒక ఒప్పందం జరిగింది. దాని ప్రకారం దీవులపై అధికారం నార్వేది. అయితే సంతకం చేసిన దేశాల పౌరులందరికీ అక్కడ చేపలు పట్టుకోవడానికి, గనులు తవ్వుకోవడానికి సమాన హక్కు. యుద్ధ ప్రయోజనాలకు మాత్రం ఆ దీవులను వాడరాదు. అప్పటికి మనం పరాధీనులం గనుక బ్రిటిష్ వారి ద్వారా భారతదేశం కూడా ఆ జాబితాలో చేరింది. దొరలు మన పేరున చేసిన సంతకాలలో మనకు అక్కరకు వచ్చినది బహుశా ఇదొక్కటేనేమో! ఇప్పుడు ఆ ఒప్పందంలో నలభైకి పైగా దేశాలున్నాయి.

ఇది చదివినప్పుడు నాకు మా ఊరి కాలువ గుర్తుకు వచ్చింది. మేము సాగర్ కుడి కాలువ చివరి భూముల వాళ్ళం. పై ఊళ్ళు తడుపుకుని వదిలితే మాకు నీళ్ళు, లేకుంటే లేదు. ప్రతి ఏడూ గట్టు మీద గొడవే. ఒకే కాలువ మీద నాలుగూళ్ళ వాళ్ళం సర్దుకోలేకపోతుంటే, ఇన్ని దేశాలు ఒక దీవి మీద ఎట్లా సర్దుకుంటున్నాయి?

దీనికి జవాబు కొంతవరకు న్యూ ఆలెసుండ్ అనే చిన్న ఊళ్ళో దొరుకుతుంది. అది ఒకప్పుడు బొగ్గు గనుల ఊరు. 1962 నవంబరు 5న గనిలో జరిగిన పేలుడులో 21 మంది కార్మికులు చనిపోయారు. ఆ విషయమై రేగిన దుమారంలో మరుసటి ఏడు నార్వే ప్రభుత్వమే పడిపోయింది. గని మూతపడింది. ఖాళీ అయిన ఊరిని నార్వే వారు పాడుపెట్టక పరిశోధనా కేంద్రంగా మార్చారు. నేడు జర్మనీ, ఫ్రాన్సు, బ్రిటను, ఇటలీ, జపాను, చైనా, దక్షిణ కొరియా మొదలైన దేశాల కేంద్రాలు అక్కడున్నాయి. మనదీ ఉన్నది. దాని పేరు ‘హిమాద్రి’, ప్రారంభించినది 2008 జులై 1న. చలికాలంలో ఆ ఊరి జనాభా ముప్ఫై నలభై మంది. ఎండ కాసే రోజుల్లో నూరు దాటుతుంది. మా ఊరి పెద్ద బజారులో ఒక వరుసలో ఇంతకంటె ఎక్కువ మంది ఉంటారు.

ఇన్ని దేశాల వారున్నా భోజనం మాత్రం అందరికీ ఒక్కచోటే. ఊరి బాగోగులు చూసే నార్వే సంస్థ ఒక ఉమ్మడి మెస్ నడుపుతుంది. వాళ్ళ ప్రధానులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నా, మానుకున్నా, శాస్త్రవేత్తలు మాత్రం ఒకే గదిలో కూర్చుని తింటారు. లోపలికి వచ్చేవారు బూట్లు బయటే విడవాలి. ఇది స్వాల్‌బార్డ్ అంతటా ఉన్న ఆచారం. బొగ్గు మసి ఇంట్లోకి రాకుండా గని కార్మికులు పెట్టుకున్నారట. గనులు పోయినా ఆచారం పోలేదు. గడప ముందు చెప్పులు విడవడం మనకు కొత్తా!

మరొక కట్టుబాటు నాకు బాగా నచ్చింది. అక్కడ తలుపులకు తాళం వేయరు. దొంగలు లేరని కాదు, ధ్రువపు ఎలుగుబంటి వెంటపడితే ఎవరైనా ఏ ఇంట్లోకైనా దూరి ప్రాణం దక్కించుకోవాలని. ఊరి పొలిమేర దాటేవారు తుపాకి వెంట ఉంచుకోవాలి, దాన్ని పేల్చడం ముందుగా నేర్చుకోవాలి. ఇంకొకటి వినండి. సుదూర నక్షత్ర మండలాల నుండి వచ్చే అతి బలహీనమైన రేడియో తరంగాలను పట్టే యాంటెన్నాలు ఆ ఊళ్ళో ఉన్నాయి. వాటికి అడ్డు తగలకుండా వైర్‌లెస్ పరికరాల వాడకంపై కఠినమైన ఆంక్షలు పెట్టారు. ఒకరి పరిశోధన కోసం ఊరంతా తమ సెల్‌ఫోన్లను అదుపులో పెట్టుకుంటారన్న మాట. మన హాస్టలులో చదువుకునే వేళ ఈ నియమం పెడితే ఎన్ని ధర్నాలు జరుగుతాయో ఊహించుకోవచ్చు.

మనవారు 2007 నుండి అక్కడికి వెళుతున్నారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు అక్కడి మట్టి నుండి ఒక కొత్త బాక్టీరియా ప్రజాతిని వేరుచేసి, 2013లో ‘ఆర్కిటిసిబాక్టర్ స్వాల్‌బార్డెన్సిస్’ అని పేరు పెట్టారు. 2014 జులైలో అక్కడి సముద్రపు పాయలో 192 మీటర్ల లోతున ‘ఇండార్క్’ అనే పరికరాల వరుసను దించారు. నీటి ఉష్ణోగ్రతను, ఉప్పదనాన్ని అది కొలుస్తుంది. దాని రూపకల్పనలో హైదరాబాదు ఇన్‌కాయిస్ వారి పాలు కూడా ఉన్నది. 2023 డిసెంబరు నుండి, సూర్యుడే కనిపించని చలికాలపు చీకటిలో కూడా మనవారు ‘హిమాద్రి’లో ఉండి పనిచేయడం మొదలుపెట్టారు. అంత దూరపు మంచుతో మనకేం పని అంటారేమో. 1979 నుండి చూస్తే భూగోళం సగటు కంటె దాదాపు నాలుగు రెట్లు వేగంగా ఆ ప్రాంతం వేడెక్కింది. అక్కడ కారా సముద్రంలో మంచు తగ్గడానికీ, మధ్య భారతంలో సెప్టెంబరు నెలలో పడే కుండపోత వానలకూ సంబంధం ఉండవచ్చునని గోవాలోని మన ధ్రువ పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు 2021లో ప్రకటించారు. సెప్టెంబరులో కుండపోత అంటే ఏమిటో మిరప నాట్లు వేసినవాడికి తెలుస్తుంది.

ఇక మన కోల్డ్ స్టోరేజీకి వద్దాం. అదే దీవుల్లో లాంగియర్‌బైన్ అనే పట్టణం దగ్గర కొండను తొలిచి, 2008 ఫిబ్రవరి 26న విత్తన భాండాగారం ప్రారంభించారు. ఆ కొండ నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉంటుంది. అది చాలక యంత్రాలతో మైనస్ 18 డిగ్రీలకు చల్లబరుస్తారు. కరెంటు పోయినా కొండ చలి చాలాకాలం కాపాడుతుంది. గింజలో తేమ తక్కువై, చలి ఎక్కువైతే దాని శ్వాసక్రియ దాదాపు ఆగిపోతుంది, జీవం నిద్రపోతుంది. ఒక్కొక్క రకం నుండి సుమారు 500 గింజలు, గాలి చొరని అల్యూమినియం రేకు సంచిలో మూసి పెడతారు. ఇప్పటికి 13 లక్షలకు పైగా నమూనాలు చేరాయి. వాటిలో లక్షకు పైగా మన పటాన్‌చెరు ఇక్రిశాట్ పంపినవే. జొన్న, సజ్జ, రాగి, కంది, శనగ, వేరుశనగ, కొర్ర వంటి మెట్ట పంటలన్నీ అందులో ఉన్నాయి. తైవానులోని ప్రపంచ కూరగాయల కేంద్రం పంపిన మిరప రకాలు కూడా ఉన్నాయి.

అద్దె లేదు. పెట్టె పంపినవారిదే, వారు తప్ప మరొకరు తెరవరాదు. ఉత్తర కొరియా పెట్టెలు, దక్షిణ కొరియా పెట్టెలు ఒకే కొండలో ఉన్నాయి. రష్యా గింజలూ, యుక్రెయిన్ గింజలూ ఉన్నాయి. 2022లో ఆ రెండు దేశాల యుద్ధం వలన ఆర్కిటిక్ మండలి సమావేశాలు నిలిచిపోయినా, పెట్టెలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. ఒకరినొకరు నమ్మనక్కర లేకుండా నడిచే పద్ధతి గనుకనే అది నిలిచిందని నా అభిప్రాయం. మా కాలువ మీద లోపించినది మంచితనం కాదు, ఇటువంటి బాండు.

ఈ సంగతి మా నాన్నకు చెప్పాను. “బాగానే ఉందమ్మాయ్, పెట్టటం సరే, ఎవరన్నా ఎప్పుడన్నా తిరిగి తెచ్చుకున్నారా?” అన్నాడు. తెచ్చుకున్నారు. సిరియాలో అలెప్పో దగ్గర ఇకార్డా అనే సంస్థకు గోధుమ, బార్లీ, శనగ మొదలైన వాటి గొప్ప విత్తన సంపద ఉండేది. అంతర్యుద్ధం వలన అక్కడ పని సాగలేదు. ముందుచూపుతో స్వాల్‌బార్డ్‌లో దాచిన నకళ్ళను 2015లో వారు వెనక్కు తీసుకుని లెబనాన్, మొరాకోలలో విత్తి, పండించి, 2017 నుండి మళ్ళీ కొండలో పెట్టడం మొదలుపెట్టారు. భాండాగారం చరిత్రలో ఎవరైనా గింజలు వెనక్కు తీసుకోవడం అదే మొదటిసారి.

ఆ కొండకూ ఆపద లేకపోలేదు. 2016 అక్టోబరులో వేడి పెరిగి, వాన కురిసి, సొరంగం మొదట్లోకి నీరు చేరింది. విత్తనాలకు హాని జరగలేదు గాని, ఎప్పటికీ కరగదనుకున్న నేలను నమ్ముకున్నవారికి గుండె ఝల్లుమన్నది. తరువాత సొరంగాన్ని బాగుచేసి పటిష్ఠం చేశారు.

మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. మాది నల్లరేగడి, పత్తి, మిరప. రెండింటికీ విత్తనం ఏటా ప్యాకెట్లలో కొనవలసిందే. సంకర విత్తనం మొదటి తరంలో బలంగా పండుతుంది. దాని గింజను దాచి మరుసటి ఏడు వేస్తే గుణాలు చెదిరిపోతాయి, మెండెల్ సూత్రం మా చేలో పనిచేస్తుంది. బి.టి. పత్తికి ఆ కొండలో చోటే లేదు, జన్యుమార్పిడి విత్తనాలను అక్కడ ప్రస్తుతం దాచడం లేదు. ఒక ఏడు మా నాన్న కొన్న మిరప విత్తనం సగం కూడా మొలవలేదు. అమ్మినవాడు “నీ నేలే మంచిది కాదు” అన్నాడు. ఆ మాట మా నాన్న నేటికీ మరచిపోలేదు.

అయితే పత్తి సాళ్ళ మధ్య వేసే కంది మాత్రం ఇంటి విత్తనమే. మా నాయనమ్మ కాలం నుండి వస్తున్నది. బూడిద కలిపి, వేపాకు వేసి కుండలో దాచేది. ఆమె పోయాక మా అమ్మ ఆ కుండను ప్లాస్టిక్ డబ్బాగా మార్చింది, అంతే తేడా. నేను ఇక్రిశాట్ గూర్చి చెప్పిన వారానికి నాన్న కిలో కందులు కాగితం సంచిలో కట్టి హాస్టలుకు పంపాడు. “అంత దూరాన మొలకలు లెక్కపెడతారు గదా, మనయ్యి ఎన్ని మొలుస్తయ్యో నువ్వు చూసి చెప్పు” అని ఫోనులో అన్నాడు.

బోటనీ లాబులో నూరు గింజలు లెక్కబెట్టి, తడి గుడ్డలో చుట్టి పెట్టాను. ఏడవ రోజున తెరిచి చూస్తే డెబ్బయి ఒకటి మొలిచాయి.